వయొలిన్ నుంచి కంప్యూటర్ సంగీతంలోకి: బెజవాడ, గుంటూరులో ఎవరైనా ఉన్నారా?

పటమట_కమాను:
అందరికీ నమస్కారం. బీటెక్ అయ్యాక ఘంటసాల కాలేజీలో వయొలిన్ డిప్లొమా చేశాను. రెండేళ్లుగా వయొలిన్‌కి పికప్ (తీగల అదురుని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) పెట్టి, ఆ శబ్దాన్ని లాప్‌టాప్‌లోకి పంపి, ప్యూర్ డేటా అనే శబ్దాల సాఫ్ట్‌వేర్‌లో ముక్కలు చేసి, దాంతోనే జంటగా వాయిస్తున్నాను. బయటి దేశాల్లో దీనికి మాస్టర్స్ ఉంది, దీని మీదే బతికేవాళ్లూ ఉన్నారు. నా సందేహాలు: ప్యూర్ డేటాలోనే ఉండనా, సూపర్‌కొలైడర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కి మారనా? మాస్టర్స్ అప్లికేషన్‌తో ఎలాంటి రికార్డింగులు పంపాలి? ఇక్కడే ఉంటే నెల ఎలా గడుస్తుంది? నాన్నకి ఏమని చెప్పాలి?

బ్రాడీపేట_బిరడా:
ముందు పికప్ దేంతో అంటించారో చెప్పండి. నేను డబుల్ సైడ్ టేపుతో పైపలక మీద అంటించాను. కచేరీ అయ్యాక పీకితే రూపాయి బిళ్లంత వార్నిష్ ఊడొచ్చింది. గురువుగారు ఇచ్చిన వయొలిన్ అది. ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు. ఆయన ఎదురుగా ఉంటే కాస్త పక్కకి తిరిగి కూర్చుంటున్నా.

నాదయోగి_ప్రో:
పన్నెండేళ్లుగా ఈ రంగంలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మ్యాక్స్ మాథ్యూస్ కంప్యూటర్‌తో శబ్దం పుట్టించే ప్రోగ్రాం రాశాడు. ఆయనా వయొలిన్ వాయించేవాడే, ఎలక్ట్రానిక్ వయొలిన్లు కూడా చేశాడు. తర్వాత మ్యాక్స్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఆయనే రాశాడు. ప్రొఫెషనల్స్ వాడేది అదే. ఫ్రీగా వచ్చే ప్యూర్ డేటాతో కాలక్షేపం అవుతుందేమో గానీ కెరీర్ అవదు.

అరండల్‌పేట_వీణ:
మ్యాక్స్ రాసింది మాథ్యూస్ కాదండీ. 1980ల్లో పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో మిల్లర్ పకెట్ రాశాడు, పేరు మాత్రం మాథ్యూస్ మీద గౌరవంతో పెట్టింది. మీరు కాలక్షేపం అన్న ప్యూర్ డేటా కూడా ఆ పకెట్‌దే.

నాదయోగి_ప్రో:
నేను చెప్పిన దాని సారం తప్పు కాదు. గూగుల్ చూసి మాట్లాడేవాళ్లతో వాదించే టైం నాకు లేదు.

బ్రాడీపేట_బిరడా:
పన్నెండేళ్లలో ఆ ఒక్క పేరు చూసే టైం కూడా దొరకలేదా సార్?

సత్యనారాయణపురం_శ్రోత:
అమ్మా, రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగిన చెవి నాది. కంప్యూటర్‌లో అంతర గాంధారం పలకదు. మా మనవడు కీబోర్డు మీద శంకరాభరణం వాయిస్తుంటే పళ్లు పులుస్తాయి. చక్కటి వయొలిన్ చేతిలో పెట్టుకుని ఈ పెట్టె ఎందుకు?

అరండల్‌పేట_వీణ:
బాబాయిగారూ, ఆ పాపం కీబోర్డుది. కీబోర్డులో గాంధారం షడ్జం కన్నా 400 సెంట్లు (కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య నూరు సెంట్లు) ఎత్తులో ఉంటుంది. తంబురా మీటితే మనకి వినపడేది షడ్జానికి 5/4 రెట్ల ఫ్రీక్వెన్సీ, అంటే 386 సెంట్లు. ఆ 14 సెంట్లకే మీ పళ్లు పులిశాయి. కంప్యూటర్‌కి 5/4 అని ఇస్తే 5/4 పలుకుతుంది. అయినా వయొలిన్ మాత్రం మన ఊళ్లో పుట్టిందా? దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన బాలుస్వామి దీక్షితుల కాలంలో దానికీ ఇదే మాట పడి ఉంటుంది.

సత్యనారాయణపురం_శ్రోత:
సరే, ఒప్పుకున్నా. తోడి గాంధారానికి ఏ అంకె ఇస్తావు?

అరండల్‌పేట_వీణ:
...అది ఇవ్వలేం.

పటమట_కమాను:
తాతగారూ, నా తోడినే గ్రాఫ్ గీయించి చూశాను. గాంధారం ఎక్కడా నిలబడలేదు, రిషభం నుంచి మధ్యమం దాకా ఊగుతూనే ఉంది. పిచ్ పట్టుకునే ప్రోగ్రాం ‘రి’ అంటుంది, ‘మ’ అంటుంది, మధ్యలో నోరు మూసుకుంటుంది. అది తడబడిన చోటల్లా ఒక శబ్దం పుట్టేలా పెట్టాను. ఇప్పుడు నేను పంపబోయే రికార్డింగు అదే.

వన్‌టౌన్_కచేరీ:
నెల ఎలా గడుస్తుంది అన్న దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెప్తా. గడవదు. రిసెప్షన్లలో సినిమా పాటలు వాయిస్తే గడుస్తుంది. శ్రావణం, మాఘం బాగుంటాయి, ఆషాఢంలో ట్యూషన్లు. నా లాప్‌టాప్ పెళ్లిళ్ల డబ్బుతోనే కొన్నాను.

నాదయోగి_ప్రో:
అందుకే మన దగ్గర ఆర్ట్ ఎదగదు.

వన్‌టౌన్_కచేరీ:
మీ ఆర్ట్‌కి కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో?

అరండల్‌పేట_వీణ:
కొట్టుకోకండి. నా కథ వినండి. కార్‌ప్లస్, స్ట్రాంగ్ అనే ఇద్దరు 1983లో ప్రచురించిన పద్ధతి ఒకటుంది. చిటికెడు రొదని ఒక చిన్న వలయంలో తిప్పుతూ, ప్రతి చుట్టులో పక్కపక్క విలువల సగటు తీస్తే మీటిన తీగలా మోగుతుంది. సెకనుకి 48000 శాంపిళ్లు (శబ్దాన్ని కొలిచిన విలువలు) ఉన్నప్పుడు 240 శాంపిళ్ల వలయం పెడితే 200 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. దానితో నా వీణ జుగల్బందీ ఒక సభలో పెట్టాం. మే నెల. వెనక గదిలో ఏసీ లేదు, వీణ మెట్ల కింద మైనం మెత్తబడి రెండు మెట్లు కదిలాయి. వీణ అపశ్రుతి, కంప్యూటర్ శుద్ధంగా! సరిగ్గా అప్పుడే లాప్‌టాప్ అప్‌డేట్‌కి పోయి తెర నీలంగా అయింది. ముందు వరుసలో పెద్దాయన ఒకరు, ‘హమ్మయ్య, ఇప్పుడు వాయించమ్మా’ అన్నారు.

బ్రాడీపేట_బిరడా:
అప్‌డేట్లు ఆపాలి, వైఫై ఆపాలి. బఫర్ (లాప్‌టాప్ ఒక్కో విడతలో తీసుకునే శాంపిళ్ల సంఖ్య) 256 పెట్టండి, అయిదు మిల్లీసెకన్ల చిల్లరే. 1024 పెడితే ఒక్క బఫర్‌కే 21. కమాను లాగాక శబ్దం కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది, చెయ్యి దానంతట అదే నెమ్మదిస్తుంది. పికప్ సంగతి ఇంకా చెప్పలేదు మీరు.

పటమట_కమాను:
టేపు కాదండీ. తీగలు ఆనే బ్రిడ్జిలో ఖాళీ ఉంది కదా, దాంట్లో పలచటి పీజో పలక (అదే నా పికప్) బిగించాను. జిగురు అసలు లేదు. నాన్న సంగతి ఎవరూ చెప్పలేదు, పోనీలెండి.

లబ్బీపేట_సేల్స్:
శ్రుతి బాక్సు అమ్మకానికి ఉంది. ఒక బటన్ పనిచేయదు.

సత్యనారాయణపురం_శ్రోత:
ఆ తోడి రికార్డింగు ఇక్కడ పెట్టమ్మా. తప్పు పట్టడానికి కాదు. మధ్యాహ్నం మా ఇంట్లో సందడి ఉండదు, అప్పుడు వింటాను.