కర్జికాయ తప్పు మాటా?

కర్జికాయ అనకూడదు, కజ్జికాయ అనే రాయాలి, మొదటిది అపభ్రంశం అని ఇక్కడ ఒకరు రాశారు. మాది అనంతపురం. మా వైపు పండగకు బాండ్లి పొయ్యి మీదికి ఎక్కితే వేగేది కర్జికాయలే. ఇంట్లో అమ్మ నోట విన్న మాటను పిల్లలు తప్పని దిద్దుకోవాల్సి రావడం నాకు బాధగా ఉంది. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

ముందు కజ్జికాయ సంగతి చూద్దాం. సంస్కృతంలో ఖాద్యం అంటే తినేది. ప్రాకృతంలో అది ఖజ్జ అయింది. ద్య, ధ్య ఇలా జ-కారంలోకి దిగడం తెలుగులో చాలా చోట్ల చూస్తాం. వైద్యుడు వెజ్జు అయ్యాడు, ఉపాధ్యాయుడు ఒజ్జ అయ్యాడు, సంధ్య సంజ అయింది. పాత తెలుగులో కజ్జము అంటే ఒక పిండివంట. హిందీ ఖాజా ఆ ఖజ్జ నుంచే వచ్చింది, మన కాజా కూడా ఆ కుటుంబంలోదే. కజ్జికాయను నేను ఈ వరసలోనే పెడతాను. అంటే అందులో ‘ర’ మొదటి నుంచీ లేదు. కర్జి అరిగిపోయి కజ్జి కాలేదు, కజ్జి చెడి కర్జి కాలేదు.

మరి మా ‘ర’ ఎక్కడిది? పడమటి వైపు చూడండి. కన్నడంలో ఇది కర్జికాయి. మరాఠీలో కరంజి. తెలంగాణలో గరిజెలు అంటారు, అక్కడా ర ఉంది. కరంజ అంటే సంస్కృతంలో కానుగ. కరంజి అన్న పేరు ఆ కాయ ఆకారం వల్లే వచ్చిందని చెబుతారు. కానుగ మా జిల్లాలో రోడ్ల పక్కన ఎక్కడ చూసినా ఉంటుంది. ఒక కాయ కోసి చూడండి: ఒక పక్క వంపు ఎక్కువ, కొన మొనదేలి ఉంటుంది, గట్టి తొక్క లోపల గింజ. ఇక చెప్పేదేముంది!

సరిహద్దు మాటలు మాకు కొత్త కాదు. 1882 దాకా అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది 1953లో. పెళ్ళిళ్ళు, సంతలు, వంటలు అన్నీ రెండు భాషల్లో నడిచిన నేల ఇది. ఇందుకు గట్టి సాక్ష్యం బొబ్బట్టు. మేం దాన్ని ఓళిగ అంటాం. పాత కన్నడంలో ప ఉన్న చోట తర్వాత హ వచ్చింది. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి వాళ్ళకు హులి. అలాగే పోళిగె హోళిగె అయింది. తెలంగాణ పోలెలలో ప అలాగే ఉంది. మా ఓళిగలో ప లేదంటే, ఆ మాట కన్నడం మీదుగా మా ఇంటికి వచ్చిందనేగా? ఓళిగ వచ్చిన దారిలోనే కర్జికాయ కూడా వచ్చిందంటాను. దారి తెలిసిన మాటను అపభ్రంశం అనడం ఎట్లా?

*కర్నూలు నుంచి ఒక వ్యాఖ్య:* బాగా చెప్పారక్కా. మా ఇంట్లో ఓళిగలు బక్ష్యాలు, కానీ కర్జికాయలు మాత్రం కర్జికాయలే. మీ పూర్ణంలో ఏమేస్తారు?

చెనిక్కాయ (వేరుశనగ) విత్తనాలే ఎక్కువ తమ్ముడూ, మీరు బుడ్డలంటారు కదా, అవే. వేయించి, పొట్టు చెరిగి, బరకగా దంచుతాం. పప్పులు (పుట్నాలు), ఎండు కొబ్బరి తురుము, వేయించిన నువ్వులు, ఏలకులు, బెల్లం పొడి. పచ్చి కొబ్బరి వేస్తే రుచి బాగుంటుంది గానీ రెండు మూడు రోజులకు మించి నిలవుండవు. పైపిండిలో కొంచెం సన్నరవ్వ, కాచిన నెయ్యి వేసి గట్టిగా కలిపి, తడిబట్ట కప్పి అరగంటకు పైనే నాననివ్వాలి. పూర్ణంలో తడి ఉండకూడదు. కొత్త బెల్లం చెమ్మగిల్లుతుంది, ఆ తడికి అంచు అంటుకోదు. ఒక్క కాయ నూనెలో విచ్చుకుంటే చాలు, పూర్ణం అడుగున చేరి మాడి తర్వాతి వాయిలన్నిటికీ నల్లమచ్చలు పడతాయి. అందుకే పూర్ణం నిండా కూరొద్దు, అంచుకు తడి రాసి నొక్కి, చేత్తో మెలికలు తిప్పుతూ మడవాలి. అచ్చులో నొక్కితే పని తొందరగా అవుతుంది, కానీ చేతి మెలిక అందం దానికి రాదు. మంట మాత్రం సన్నగానే ఉండాలి. మంట పెంచితే పైన రంగొస్తుంది, మడత దగ్గర పిండి పచ్చిగానే ఉంటుంది, మర్నాటికి మెత్తబడిపోతాయి.

*ప్రొద్దుటూరు నుంచి ఒక వ్యాఖ్య:* అక్కా, పిండితో చేసినదానికి కాయ అని పేరేంది? చెట్టుకు కాయలేదు కదా.

మంచి ప్రశ్న అడిగినావమ్మా. పిండివంటలకు మనవాళ్ళు ఆకారాన్ని బట్టి పేర్లు పెట్టారు. పాలకాయలు చూడు, బియ్యప్పిండి ఉండలే, కానీ కాయలన్నారు. గవ్వల్లా వత్తితే గవ్వలు. కర్జికాయకైతే కాయ ఇంకా బాగా అతుకుతుంది, పైన తొక్క, లోపల పదార్థం. కన్నడంలోనూ కాయి అనే అంటారు కాబట్టి రెండు భాషల వాళ్ళకూ అది కాయలాగే కనిపించిందన్నమాట. మరాఠీ వాళ్ళు ఉత్త కరంజి అన్నారు, కాయ అన్న అర్థం వాళ్ళకు అందులోనే ఉంది. తమిళం వైపు సోమాసి అంటారు, దాని సంగతి వేరే.

ఇంకొక్కటి అడగాలని ఉంది. మడకశిర, హిందూపురం వైపు కరిగడుబు అన్న మాట తెలుగిళ్ళలో వాడతారా? కన్నడంలో కరి అంటే నూనెలో వేయించడం, కరిగడుబు అంటే వేయించిన కడుబు అనే పిండివంట. ఆ పేరు ఇటు తెలుగులోకి ఎంత దూరం వచ్చిందో ఆ వైపు వాళ్ళెవరైనా రాయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు పలికినట్టే, దిద్దకుండా రాయండి.