మాడ్యూల్ తీసేసిన కాసేపటికి కెర్నెల్ కుప్పకూలుతోంది: సొంత ట్రాన్స్‌పోర్ట్ ప్రోటోకాల్

ప్రశ్న, అమలాపురం నుంచి:

అందరికీ నమస్కారం. ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుగా లినక్స్‌లో చిన్న ట్రాన్స్‌పోర్ట్ ప్రోటోకాల్ (డేటా ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి చేరే పద్ధతి) రాస్తున్నాను. రొయ్యల చెరువుల్లో కరిగిన ఆక్సిజన్ కొలిచే సెన్సార్ల రీడింగుల కోసం. పాత రీడింగు పోయినా ఫర్వాలేదు, తాజాది మాత్రం చేరాలి. టీసీపీలో ఒక ప్యాకెట్టు తప్పిపోతే వెనక వచ్చినవన్నీ దాని కోసం ఆగిపోతాయి, అందుకే ఈ పని పెట్టుకున్నాను. లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ మొత్తాన్ని మళ్లీ కంపైల్ చేయకుండా, నడుస్తుండగానే ఎక్కించి తీసేయగల మాడ్యూల్‌గా రాశాను. ప్రోటోకాల్ నంబరు 253, ప్రయోగాలకు కేటాయించినది. ఇన్‌స్‌మాడ్ (మాడ్యూల్ ఎక్కించే ఆదేశం) చేస్తే ఎక్కుతోంది, సాకెట్టు (ప్రోగ్రాము డేటా పంపే ద్వారం) తెరుచుకుంటోంది, డేటా వెళుతోంది. దాన్ని తీసేసే ఆర్ఎంమాడ్ కూడా ఏ అభ్యంతరం లేకుండా పూర్తవుతోంది. కానీ కొద్ది సెకన్లకే మెషీన్ బిగుసుకుపోతోంది. లాగ్‌లో పేజీ ఫాల్ట్ (మెమరీలో లేని చోటును ముట్టుకున్న తప్పు) అని ఉంది, ఆ చిరునామా చూస్తే ఇంతకుముందు నా మాడ్యూల్ ఉన్న చోటే. తీసేసిన కోడ్‌ను ఇంకా ఎవరు పిలుస్తున్నారు?

జవాబు, కాకినాడ నుంచి:

మీ రీట్రాన్స్‌మిషన్ టైమరు, అంటే జవాబు రాని ప్యాకెట్టును మళ్లీ పంపించే గడియారం, పిలుస్తోందండి. కూలడానికి ముందు ఆ కొద్ది సెకన్ల విరామమే దానికి గుర్తు. టైమరును నేరుగా మాడ్_టైమర్‌తో పెట్టి ఉంటారు. అలా పెడితే సాకెట్టు మీద పట్టు ఉండదు. సాకెట్టు మూసేసినా టైమరు వరుసలోనే ఉంటుంది, గడువు రాగానే ఖాళీ అయిన చిరునామాకు దూకుతుంది. దాని బదులు ఎస్‌కే_రీసెట్_టైమర్ వాడండి. అది టైమరు పెట్టేటప్పుడే సాకెట్టు రెఫరెన్సు (ఎందరు వాడుతున్నారన్న లెక్క) ఒకటి పెంచుతుంది. కాల్‌బ్యాక్ (గడువు రాగానే నడిచే మీ ఫంక్షన్) చివర సాక్_పుట్‌తో మీరు తగ్గించాలి. ఆపడానికి ఎస్‌కే_స్టాప్_టైమర్.

ఇంకొకటి చూడండి. మీ ప్రోటోకాల్ వివరాలు నింపే స్ట్రక్ట్ ప్రోటోలో ఓనర్ అనే చోట దిస్_మాడ్యూల్ అని రాశారా? సాకెట్టు పుట్టినప్పుడు కెర్నెల్ ఆ ఓనర్‌ను బట్టే మాడ్యూల్ లెక్క పెంచుతుంది, సాకెట్టు పోయినప్పుడు తగ్గిస్తుంది. అది ఖాళీగా ఉంటే సాకెట్టు తెరిచి ఉన్నా ఆర్ఎంమాడ్ అడ్డు చెప్పదు. సరిగ్గా ఉంటే ‘మాడ్యూల్ వాడుకలో ఉంది’ అని మొండికేస్తుంది. ఆ మొండితనమే మీకు కావలసింది.

ప్రశ్న వేసినవారు:

ఓనర్ ఖాళీగానే ఉందండి, టైమరు కూడా మీరన్నట్టే. రెండూ మారుస్తాను. మాడ్యూల్ తీసేటప్పుడు నడిచే ఎగ్జిట్ ఫంక్షన్‌లో రిజిస్టర్ చేసినవి ఏ వరుసలో తీయాలి? ప్రస్తుతం ప్రోటో_అన్‌రిజిస్టర్ మొదట ఉంది.

జవాబు, కాకినాడ నుంచి:

ఎక్కించిన వరుసకు సరిగ్గా తిరగేసి తీయాలి. వేసవిలో ధవళేశ్వరం దగ్గర తలుపులు దించి, కాలువలో మిగిలిన నీళ్లు పోయాకే పూడిక తీయడానికి దిగుతారు కదా, ఇదీ అంతే. మొదట ఇనెట్_అన్‌రిజిస్టర్_ప్రోటోఎస్‌డబ్ల్యూ: దీనితో కొత్త సాకెట్లు పుట్టవు. తర్వాత ఇనెట్_డెల్_ప్రోటోకాల్: కొత్త ప్యాకెట్లు వాటిని అందుకునే మీ హ్యాండ్లర్‌కు రావు, అప్పటికే లోపల నడుస్తున్నవి ముగిసేదాకా అది ఆగుతుంది. చివర ప్రోటో_అన్‌రిజిస్టర్. కోడ్‌లో ఎక్కడైనా కాల్_ఆర్‌సీయూ (ఒక పనిని తర్వాతకు వాయిదా వేసేది) వాడితే, ఎగ్జిట్ ఫంక్షన్ ముగిసేలోపు ఆ వాయిదా పనులన్నీ అయ్యేదాకా ఆగే ఆర్‌సీయూ_బ్యారియర్ తప్పనిసరి.

హ్యాండ్లర్‌లో నిద్రపోయే పని ఏదీ పెట్టకండి. అది సాఫ్ట్ ఇంటరప్టులో నడుస్తుంది, అక్కడ ఆగి ఎదురుచూడటం కుదరదు. మెమరీ అడిగితే, ఎదురుచూడకుండా అడిగే జీఎఫ్‌పీ_అటామిక్ తోనే అడగాలి. హెడర్ చదివే ముందు, అది మొత్తం చదవడానికి అందేలా చూసే పీఎస్‌కేబీ_మే_పుల్ పిలవండి.

జవాబు, భీమవరం నుంచి:

మాడ్యూల్ సంగతి కాకినాడ వారు చక్కగా చెప్పారు. నేను చెరువు గట్టు సంగతి చెబుతాను. గట్టు మీద 4జీ రౌటరు పెట్టి 253 నంబరు ప్యాకెట్టు పంపితే అది సర్వరు దాకా చేరుతుందని ఆశ పెట్టుకోకండి. మొబైల్ నెట్‌వర్కుల్లో చిరునామాలు మార్చే నాట్ పెట్టెలు ఎక్కువగా టీసీపీ, యూడీపీ (ప్యాకెట్టు చేరిందో లేదో చూడని తేలిక పద్ధతి), ఐసీఎంపీ (లోపాలు తెలిపే సందేశాలు) వీటినే గుర్తిస్తాయి. తెలియని నంబరు వస్తే చప్పుడు లేకుండా పారేస్తాయి. పేరున్న మరో ట్రాన్స్‌పోర్ట్ ప్రోటోకాల్ ఎస్‌సీటీపీకే ఈ ఇబ్బంది తప్పలేదు. దాన్ని యూడీపీలో చుట్టి పంపే పద్ధతిని 2013లో ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్ఎఫ్‌సీ 6951గా రాశారు. వెబ్‌లో వాడే క్విక్ ప్రోటోకాల్‌ను మొదటి నుంచీ యూడీపీ మీదే కట్టారు. మీరూ మీ ప్యాకెట్టును యూడీపీలో చుట్టండి.

నిజంగా చెరువుల్లో పెట్టేటట్టయితే కెర్నెల్ మాడ్యూల్ వద్దు, మామూలు ప్రోగ్రాముగా యూడీపీ మీద రాయండి. అర్ధరాత్రి ఆక్సిజన్ పడిపోయేటప్పుడు మెషీన్ బిగుసుకుపోతే రైతుకు నష్టం. ప్రాజెక్టుకు మాత్రం మాడ్యూలే రాయండి, అంత నేర్పేది ఇంకొకటి లేదు.

ప్రశ్న వేసినవారు:

ఓనర్, టైమరు, వరుస మూడూ సరిచేశాను. ఇప్పుడు సాకెట్టు తెరిచి ఉండగా ఆర్ఎంమాడ్ ఒప్పుకోవడం లేదు. మూసి తీస్తే మెషీన్ నిలబడింది. కానీ రెండు వర్చువల్ మెషీన్ల మధ్య పంపితే ఐసీఎంపీ రకం 3, కోడ్ 2 తిరిగి వస్తోంది.

జవాబు, కాకినాడ నుంచి:

అవతలి మెషీన్‌లో 253కు హ్యాండ్లర్ లేదని దాని అర్థం. అక్కడ ఇన్‌స్‌మాడ్ చేయలేదేమో ముందు ఎక్కిన మాడ్యూళ్ల జాబితా చూపే ఎల్ఎస్‌మాడ్‌తో చూడండి. ఎక్కనంటే, సంతకం లేని మాడ్యూళ్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆపి ప్రయత్నించండి, లేదా మాడ్యూల్‌కు సంతకం చేయండి. రెండూ మాట్లాడుకోవడం మొదలయ్యాక నెట్‌వర్కు లోపాలను అనుకరించే నెటెమ్‌తో పది శాతం ప్యాకెట్లు పోయేలా చేసి, డేటా నడుస్తుండగానే సాకెట్టు మూసి మాడ్యూల్ తీసి చూడండి. మెమరీ తప్పులు పట్టే కేఏశాన్ ఉన్న కెర్నెల్ మీద చేస్తే, విడుదలైన మెమరీని కోడ్‌లో ఏ లైను ముట్టుకుందో అదే చూపిస్తుంది.