కనబడని గ్రీన్లు, ఆటలోకి వచ్చే గోడలు: గోల్ఫ్ కోర్సుకు ఇవి అందమా, అన్యాయమా?

దిబ్బలబాట: ఐర్లండ్‌లోని లాహించ్ గోల్ఫ్ కోర్సులో ఐదో హోల్ పేరు డెల్. ఇసుక దిబ్బల మధ్య దాగిన ఈ పార్-3లో (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) టీ మీద, అంటే మొదటి దెబ్బ కొట్టే చోట, నిలబడితే గ్రీన్ (గుంత ఉండే నున్నని పచ్చిక) కనబడదు, గుంతను చూపే జెండా కనబడదు. ఆ రోజు జెండా ఎటువైపు ఉందో తెలిపేందుకు ముందరి దిబ్బపై ఒక తెల్లరాయి మాత్రం ఉంటుంది. ఆ రాయిని గురిచూసి కొట్టి, దిబ్బ దాటేదాకా బంతి ఏమైందో తెలియక నడవడం నాకైతే ఎంతో ఇష్టం. ఇలాంటి వింత హోల్స్‌కు ఒక జాబితా వేద్దాం, మీ అనుభవాలు చెప్పండి.

ఐదో ఐరన్: దిబ్బలబాట గారూ, అక్కడే నాలుగో హోల్ క్లోండైక్‌లో కొండలాంటి దిబ్బ మీద ఒక మనిషి నిలబడి, అవతల ఎవరూ లేరని సైగ చేస్తే గానీ కొట్టడానికి లేదు. కాపలా మనిషి లేనిదే ఆడలేని హోల్‌ను ఈ రోజుల్లో ఎవరైనా కొత్తగా గీస్తే ఒప్పుకుంటామా? పాతది గనుక ముద్దు చేస్తున్నాము, అంతే.

రెండు పుట్లు: గురి కనబడని గుడ్డి షాట్ కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది అమెరికాలోని రివియెరా కోర్సు ఆరో హోల్. దాని డిజైనర్ జార్జ్ థామస్ అక్కడ గ్రీన్ నడిబొడ్డున బంకర్ (ఇసుక గుంట) పెట్టారు. జెండా ఒకవైపు, బంతి మరోవైపు ఉంటే బంతిని నేల మీద దొర్లించే పుటర్‌తో చుట్టుతిప్పి దగ్గరకు చేర్చడం కష్టం గనుక, నిపుణులు గ్రీన్ మీదనే బంతిని పైకి లేపే వెడ్జ్ క్లబ్ తీసి బంకర్ మీదుగా చిప్ చేస్తారు (కొద్ది దూరం ఎగరేస్తారు). గ్రీన్‌పై పచ్చిక చీరుకుపోతుందని వెడ్జ్‌ను అసలే అనుమతించని క్లబ్బులో నేను ఇలాంటి గ్రీన్ ఒకటి ఆడాను. బంతి గ్రీన్ చేరినా జెండాకు దారి లేక నిలబడిపోవడం చాలా చిరాకు తెప్పించింది. డిజైనర్ ఇచ్చిన మార్గాన్ని నిబంధన మూసివేసినప్పుడు తప్పు బంకర్‌ది కాదని నా అభిప్రాయం.

ఐదో ఐరన్: ఆ మాట నిజమే, కానీ కొన్నిసార్లు తప్పు బంకర్‌దే. 2010 పీజీఏ చాంపియన్‌షిప్‌లో, అమెరికాలోని విస్లింగ్ స్ట్రెయిట్స్ కోర్సు చివరి హోల్‌లో, ప్రేక్షకులు తొక్కిన ఇసుకను బంకర్‌గా గుర్తించక కొట్టే ముందు క్లబ్‌ను నేలకు ఆనించిన (బంకర్‌లో అది నిషిద్ధం) ఆటగాడు డస్టిన్ జాన్సన్‌కు రెండు స్ట్రోకుల పెనాల్టీ పడి, విజేతను తేల్చే ప్లేఆఫ్ అవకాశం పోయింది. చూడగానే బంకర్ అని తెలియని బంకర్ ఎందుకు?

పాతలింక్స్: స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ కోర్సు పదిహేడో హోల్‌ను మరచిపోయారు. అక్కడ గ్రీన్ వెనుక రోడ్డూ ఆటలో భాగమే, దాని అవతల రాతి గోడ. అక్కడ జరిగిన 2010 బ్రిటిష్ ఓపెన్ టోర్నీలో గోడకు దగ్గరగా ఆగిన బంతిని స్పెయిన్ ఆటగాడు మిగెల్ ఏంజెల్ హిమెనెజ్ కావాలనే గోడకేసి కొట్టి, వెనక్కి ఎగిరి గ్రీన్ మీద పడేలా చేశారు. అమెరికాలోని సాగ్రాస్ కోర్సు పదిహేడో హోల్‌లో, చుట్టూ నీళ్లున్న ద్వీపపు గ్రీన్‌లో ఇటువంటి తెలివికి చోటులేదు. నీళ్లలో పడితే డ్రాప్ జోన్‌కు (బంతిని మళ్లీ వేసి ఆడే చోటుకు) నడవడమే. టీవీలో చూడడానికి బాగుంటుంది గానీ, ఎంచుకునేందుకు రెండో దారి లేని హోల్‌ను నేను వింతల జాబితాలో చేర్చను.

దిబ్బలబాట: ఆ లెక్కన డెల్ కూడా జాబితాలోంచి పోతుందండీ, అక్కడా రాయి చూపిన దారి ఒక్కటే. అయినా నేను వదులుకోను.