ఐ10 ఫ్యూయల్ పంప్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

టెక్కలి_బాబు: మా పెట్రోల్ ఐ10 రణస్థలం దాటాక హైవే మీద జెర్కులిచ్చి ఆగిపోయిందండి, కాసేపాగి సెల్ఫ్ కొడితే స్టార్టయింది, వేడెక్కాక మళ్ళీ అదే కథ. మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండా పంప్ పోయింది అనేశాడు. నేనే వేసుకుంటే ఏటవుతుంది?

గంటస్తంభం_గురు: ఏటీ అవదు గానీ ముందు పంపే పోయిందని తేల్చుకో తమ్ముడూ. ఎవరిచేతైనా కీ ఆన్ చేయించి వెనక సీటు దగ్గర చెవి పెట్టు, పంప్ దాని కిందే ట్యాంకులో ఉంటాది, ఓ రెండు సెకన్లు గుయ్ మని మోగాలి. మోగకపోతే ఫ్యూజు, రిలే చూడు, అవి బానే ఉంటే పంప్ సాకెట్ దగ్గర మల్టీమీటర్ పెట్టు. 12 వోల్టులు వస్తున్నా మోటార్ తిరగట్లేదంటేనే పంప్.

చీపురుపల్లి డ్రైవర్: ఆ టెస్ట్ బండి ఆగిన చోటే చెయ్యాలి బాబూ, చల్లారాక అన్నీ బానే ఉంటాయి. పంప్ మోగుతూనే స్టార్ట్ అవట్లేదంటే క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరుగుడు పసిగట్టేది) మీద కూడా అనుమానం పెట్టుకో, అదీ వేడికే మొరాయిస్తాది.

బొబ్బిలోడు: పంపే అయితే ట్యాంకులో పెట్రోల్ తక్కువున్నప్పుడు, ఆరుబయట, డోర్లన్నీ తీసి పెట్టుకో. పంప్ ఫ్యూజు పీకేసి ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడిపితే లైన్లో ప్రెషర్ దిగుతుంది, అప్పుడు బ్యాటరీ నెగటివ్ తియ్, లేదంటే పైపు లాగగానే పెట్రోల్ మొహానే. సీటు కింద రేకు మూత తీశాక ఎంత మట్టుంటాదో చూస్తావుగా, అదంతా బ్రష్షుతో దులిపి గుడ్డతో తుడిచాకే పంప్ విప్పు. పెట్రోల్ ఎంతుందో చూపించే ఫ్లోట్ కడ్డీ వంగకుండా పక్కకి వాల్చి పైకి తియ్, వంగితే పెట్రోల్ ముల్లు తప్పు చూపిస్తాది. రబ్బర్ రింగ్ మాత్రం కొత్తదే వెయ్, పాతది ఉబ్బిపోయి మళ్ళీ కూర్చోదు. సిగరెట్లోళ్ళని దగ్గరికి రానీకు.

గంటస్తంభం_గురు: అస్తమానం రిజర్వ్‌లో తిప్పేవాళ్ళకే ఈ పంపులు బేగి పోతాయి, మోటార్‌ని చల్లబరిచేది ఆ పెట్రోలే మరి.

టెక్కలి_బాబు: మూత తీసి చూశా. సాకెట్లో ఒక పిన్ను నల్లగా మాడిపోయి చుట్టూ ప్లాస్టిక్ కరిగిపోయింది. సాకెట్ ఒక్కటీ మారిస్తే సరిపోతుందా?

బొబ్బిలోడు: లూజ్ కాంటాక్టయినా మాడుతుంది, పంప్ బిగిసిపోయి కరెంటు ఎక్కువ లాగినా మాడుతుంది. సాకెట్ మార్చాక పంప్ ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూడు, ఎక్కువుంటే పంప్ కూడా మార్చేయ్, లేదంటే కొత్త సాకెట్టూ మాడుతుంది.