కొత్త ల్యాప్‌టాప్: 97 డిగ్రీల వేడి, మాటిమాటికీ వైఫై కట్

మారతహళ్ళి_పీజీ
అన్నలూ, అక్కలూ, కొంచెం సాయం చేయండి. సొంతానికి ఈఎంఐలో ల్యాప్‌టాప్ కొన్నాను. ప్రాసెసర్ ఐ5 12450హెచ్, ర్యామ్ 16 జీబీ. డాకర్ (కోడింగ్‌లో ప్రోగ్రాముల్ని విడివిడిగా నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తుండగా టీమ్స్ కాల్‌లోకి వెళ్తే 97 డిగ్రీలు చూపిస్తోంది. కీబోర్డ్ పైవరుస మీద వేలు ఆనట్లేదు. ఫ్యాన్ మోతకి మా మేనేజర్ "బయట వర్షమా?" అని అడిగాడు. ఇది చాలదన్నట్టు వైఫై తెగిపోతోంది, దాంతో ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ పోతుంది, మళ్ళీ ఓటీపీ. ఫోన్‌లో అదే వైఫై బ్రహ్మాండంగా ఉంది. రెండూ ఒకే సమస్యా, వేరు వేరా? రిటర్న్ గడువు దగ్గరపడుతోంది. ఇచ్చేయాలా, ఉంచుకోవాలా? ఒకటే టెన్షన్.

తాంబరం_తాత
97కే ఇంత గోలా? మే నెలలో చెన్నై రండి, ఏసీ లేని గదిలో పనిచేసి చూపించండి. బెంగళూరు వాళ్ళు కూడా వేడి గురించి మాట్లాడుతున్నారు!

కోడూరు_కోడర్
తాతా, అడిగింది గది వేడి గురించి కాదు. తమ్ముడూ, పీజీ అంటున్నావు కాబట్టి అడుగుతున్నా, మంచం మీద పెట్టుకుని పనిచేస్తున్నావా? చాలా మోడళ్ళు గాలి పీల్చేది అడుగునుంచే. పరుపు ఆ రంధ్రాల్ని మూసేస్తుంది. గట్టి బల్ల మీద పెట్టి, వెనక కాళ్ళ కింద రెండు వాటర్ బాటిల్ మూతలు పెట్టు. నాకు అయిదారు డిగ్రీలు తగ్గింది, రూపాయి ఖర్చు లేదు.

99_శాతం
ఇవన్నీ ఎందుకు? పవర్ ప్లాన్‌లోకి వెళ్ళు, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉంటుంది, 99 చేయి. లోడ్ పడ్డప్పుడు వేగం పెంచే టర్బో ఆగిపోతుంది, ఫ్యాన్ నోరు మూస్తుంది. నాది 70 దాటడం లేదు. ఈ గ్రూపులో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

గుంటూరు_గిగాహెర్ట్జ్
వచ్చాడండీ 99 బాబా. ఆ ప్రాసెసర్ టర్బో 4.4 గిగాహెర్ట్జ్, బేస్ (మామూలు వేగం) 2.0. దానికే కదా డబ్బు కట్టింది? సగానికి తగ్గించి పెట్టుకునేవాడు పాత ల్యాప్‌టాప్‌తోనే సరిపెట్టుకోవచ్చుగా.

99_శాతం
మీరు దాంతో గేములు ఆడతారు, మేము ఉద్యోగం చేస్తాం. టీమ్స్ కాల్‌కి 4.4 ఎందుకండీ?

గుంటూరు_గిగాహెర్ట్జ్
డాకర్ అని రాశాడు, చదివారా? బిల్డ్‌కి (కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చడానికి) పట్టే టైమ్ ఎంత పెరుగుతుందో మీ ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదనుకుంటా.

99_శాతం
నా ఉద్యోగం సంగతి మీకెందుకు? వేడి తగ్గిందా లేదా, అది చెప్పండి.

సర్వీస్_సెంటర్_మాజీ
ఇద్దరూ ఆగండి. ఏళ్ళ తరబడి ఈ పెట్టెలు విప్పి బిగించినవాణ్ణి, నా మాట వినండి. ఈ చిప్‌కి పరిమితి 100 డిగ్రీలు. అక్కడికి చేరగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, కాలిపోదు. బేస్ పవర్ 45 వాట్లు, టర్బోలో 95 దాకా లాగుతుంది. పల్చటి బాడీలో 95 వాట్ల వేడిని బయటికి తోసే ఫ్యాన్ ఎక్కడ పడుతుంది? అందుకే లోడ్ పడగానే 97. 99 చిట్కా పనిచేస్తుంది, కాదనను. కాకపోతే అది మొరటు పద్ధతి. పైగా చాలా కొత్త మెషీన్లలో ఆ ఆప్షన్ దాచేసి ఉంటుంది, కమాండ్ కొట్టి బయటికి తీయాలి. కంపెనీ వాడి యాప్‌లో సైలెంట్ మోడో, బ్యాలెన్స్‌డ్ మోడో ఉంటుంది. దాంతో వాట్లు తగ్గుతాయి, టర్బో కొంత మిగులుతుంది. ఇంకో మాట. కొత్త మెషీన్‌లో మొదట్లో అప్‌డేట్లు, ఫైల్ ఇండెక్సింగ్, యాంటీవైరస్ స్కాన్ అన్నీ వెనకాల నడుస్తూనే ఉంటాయి. ఏ పనీ చేయనప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి చూడు. ఊరికే ఉన్నప్పుడు కూడా 80 చూపిస్తే అప్పుడు కంగారుపడు.

99_శాతం
"పనిచేస్తుంది, కాదనను." అందరూ చదివారు కదా.

బెల్లందూరు_అక్క
వైఫై సంగతి ఒక్కరూ పట్టించుకోలేదేంటి? డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్, ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్. కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపేయొచ్చు అని టిక్ ఉంటుంది, తీసెయ్. మా ఆయన ల్యాప్‌టాప్‌కి దాంతోనే కుదిరింది. కొన్ని మోడళ్ళలో ఆ ట్యాబే కనబడదు.

హెచ్ఏఎల్_పక్కింటి
మారతహళ్ళి కదా, పాత ఎయిర్‌పోర్ట్ పక్కనే. వైఫై 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో కొన్ని చానెళ్ళు రాడార్లతో పంచుకునేవి. రాడార్ సిగ్నల్ తగిలిందంటే రౌటర్ ఆ చానెల్ ఖాళీ చేయాలి, అది రూలు. ఓనర్‌తో చెప్పి 36వ చానెల్‌లోనో 149లోనో పెట్టించు.

బెల్లందూరు_అక్క
రౌటర్ చానెల్ మారిస్తే ఫోన్ కూడా తెగాలి కదండీ. అతని ఫోన్ బానే ఉందట.

హెచ్ఏఎల్_పక్కింటి
ఫోన్ వెంటనే మొబైల్ డేటాకి మారిపోతుంది, తెలియదు. మీకు రాడార్ల గురించి ఎంత తెలుసు?

బెల్లందూరు_అక్క
రాడార్ల గురించి తెలియదు. ప్రశ్న చదవడం మాత్రం తెలుసు.

కడప_బస్సు
నా గోడు కూడా వినండి. మూత మూసి బ్యాగులో పెట్టి శుక్రవారం రాత్రి బస్సెక్కాను. పొద్దున తీస్తే ఇస్త్రీపెట్టెలా ఉంది, ఛార్జింగ్ సున్నా. సర్వీస్ వాళ్ళేమో "వాడకం వల్ల సార్" అంటారు. బ్యాగులో ఉన్నదాన్ని ఎవడు వాడాడు?

సర్వీస్_సెంటర్_మాజీ
మోడ్రన్ స్టాండ్‌బై. మూత మూసినా పూర్తిగా నిద్రపోదు, ఫోన్‌లాగా మెయిళ్ళు, అప్‌డేట్లు చూసుకుంటూ ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్, ఏ కొడితే నీ మెషీన్‌లో ఏ రకం నిద్ర ఉందో చెబుతుంది. ప్రయాణం ముందు హైబర్నేట్ (పని దాచిపెట్టి పూర్తిగా ఆపేయడం) చేయి. మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా కూడా సెట్ చేసుకోవచ్చు.

తాంబరం_తాత
చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఇచ్చి ప్రాసెసర్ మీద వేడి లాగే థర్మల్ పేస్ట్ మార్పించండి, అన్నీ సర్దుకుంటాయి. అరగంట పని.

గుంటూరు_గిగాహెర్ట్జ్
బెంగళూరు వాడు చెన్నై ఎందుకొస్తాడు తాతా, అక్కడ ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్డు లేదా? అయినా రిటర్న్ గడువులో ఉన్న దాన్ని విప్పమంటారేంటి? స్క్రూ మీద సీల్ చిరిగితే అమ్మినవాడు చేతులు దులుపుకుంటాడు.

తాంబరం_తాత
ఎస్‌పీ రోడ్డులో పార్కింగ్ దొరికేలోపు చెన్నై వచ్చేయొచ్చు.

నెల్లూరు_నెట్‌వర్క్
పాయింటుకి వద్దాం. తమ్ముడూ, ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ హబ్ గానీ, బయటి ఎస్ఎస్‌డీ (డేటా దాచే డ్రైవ్) గానీ పెట్టావా? యూఎస్‌బీ 3.0 పరికరాల నుంచి వచ్చే రొద సరిగ్గా వైఫై వాడే ఇంకో బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. ఇంటెల్ దీని మీద 2012లోనే ఒక పత్రం వేసింది. షీల్డింగ్ సరిగా లేని చవక హబ్ అయితే పక్కనున్న వైఫైని, బ్లూటూత్‌ని తొక్కేస్తుంది. ఫోన్ 5 మీద ఉండి ల్యాప్‌టాప్ 2.4 మీద ఉంటే నువ్వు చెప్పినట్టే జరుగుతుంది. పీజీలో 2.4 ఎలాగూ సంతే, ఒకదానిమీద ఒకటి పడని చానెళ్ళు 1, 6, 11 మూడే. అడ్మిన్‌గా నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్ అని కొట్టు. గత 3 రోజుల్లో ఎప్పుడు తెగిందో, ఏ కారణమో గ్రాఫ్‌తో సహా వస్తుంది.

మారతహళ్ళి_పీజీ
అన్నా, హబ్ ఉంది, ఎస్ఎస్‌డీ దానికే. రిపోర్ట్ తీశాను, డేటా ఎస్ఎస్‌డీకి కాపీ అయిన టైముల్లోనే ఎర్ర గీతలు. ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి హబ్‌ని బల్ల అవతలి చివరకి జరిపాను, ల్యాప్‌టాప్‌ని 5కి మార్చాను. నిన్నటి నుంచి వీపీఎన్ తెగలేదు. బ్యాలెన్స్‌డ్ మోడ్‌లో పెడితే కాల్‌లో 84. బాటిల్ మూతలు కూడా పెట్టాను, రూమ్మేట్ నవ్వుతున్నాడు. ఫ్యాన్ మోత మాత్రం అలాగే ఉంది. మరి రిటర్న్ సంగతి?

హెచ్ఏఎల్_పక్కింటి
5కి మార్చాక కుదిరిందంటే చానెల్ సమస్యే అని అర్థం. నేను చెప్పింది అదే.

నెల్లూరు_నెట్‌వర్క్
మీరు చెప్పింది 5లో రాడార్. అతను ఉన్నది 2.4లో.

జయనగర్_వకీలు
రిటర్న్ గురించి నేను చెబుతాను. వేడి అని రాస్తే "సాధారణమే" అని తిరస్కరిస్తారు. ఖాళీగా ఉన్నప్పటి ఉష్ణోగ్రత, ఫ్యాన్ మోత వీడియో తీసి, గడువు లోపలే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. ఫోన్‌లో చెప్పిన మాటలకి విలువ లేదు. టెక్నీషియన్ వస్తే రిపోర్ట్ కాపీ అడిగి తీసుకోండి. పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

కడప_బస్సు
సార్, నా బ్యాటరీకి కూడా 1915 పనికొస్తుందా?

సిల్క్‌బోర్డ్_సీత
మా చెల్లి బీటెక్‌లో చేరింది, ఇదే మోడల్ కొందామనుకున్నా. ఇదంతా చదివాక భయం వేస్తోంది. హెచ్ సిరీస్ ప్రాసెసర్ వద్దా?

సర్వీస్_సెంటర్_మాజీ
క్లాసులు, కోడింగ్ వరకే అయితే యూ సిరీస్ తీసుకోండమ్మా. 1235యూ లాంటివి బేస్ 15 వాట్లే, బ్యాటరీ కూడా ఎక్కువ వస్తుంది.

గుంటూరు_గిగాహెర్ట్జ్
రెండో ఏడాదిలో యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వేశాక మళ్ళీ ఇక్కడికే వస్తుంది. హెచ్ తీసుకోండి.

99_శాతం
హెచ్ తీసుకుని 99 పెట్టుకోమనండి.