మొదటిసారి దిగే రెండేళ్ల గుర్రం: ట్రైనర్ అలవాటు చూడాలా, వంశం చూడాలా?

మలక్‌పేట గ్యాలరీ:

చలికాలం సీజన్ మొదలైతే నాకు ప్రతి ఏడాదీ ఇదే తలనొప్పి. రెండేళ్ల గుర్రాల రేసు, 1100 మీటర్లు, తొమ్మిది గుర్రాలు. ఒక్కటి కూడా ఇంతకు ముందు పరుగెత్తలేదు. రేస్ బుక్ తెరిస్తే తండ్రి పేరు, తల్లి పేరు, ట్రైనర్, జాకీ. అంతకు మించి ఏమీ లేదు. నా పక్కన కూర్చునే పెద్దాయన వంశం తప్ప ఇంకేమీ చూడరు. నేను మాత్రం మొదటి పరుగు వరకు ట్రైనర్ అలవాటే ముఖ్యమంటాను. దీని మీద ఇద్దరికీ రెండు సీజన్లుగా వాదన.

ఒకే తల్లి కన్న ఇద్దరు కొడుకులను చూడండి. అర్బన్ సీ 1993లో ఆర్క్ (ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద రేసు) గెలిచిన ఆడ గుర్రం. దాని కొడుకు గెలీలియో 2000 అక్టోబరులో ఐర్లండ్‌లోని లెపర్డ్స్‌టౌన్‌లో మొదటిసారి దిగి 14 లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో గెలిచింది. ఇంకో కొడుకు సీ ద స్టార్స్ 2008 జూలైలో అదే దేశంలోని కర్రా మైదానంలో మొదటిసారి దిగి నాలుగో స్థానంలో వచ్చింది. మరుసటి ఏడాది అదే సీ ద స్టార్స్ టూ థౌజండ్ గినీస్, ఎప్సమ్ డెర్బీ, ఆర్క్ మూడూ గెలిచింది. రక్తంలో లోటు ఉంటే అది సాధ్యమా? మొదటిదాని ట్రైనర్ ఎయిడన్ ఓబ్రయన్, రెండోదాని ట్రైనర్ జాన్ ఆక్స్. తేడా అక్కడే ఉందని నా నమ్మకం. ఆక్స్ పిల్ల గుర్రాలను తొందరపెట్టే మనిషి కాదు.

ఏడు ఫర్లాంగులు:

అన్నా, మీ ఉదాహరణలో తల్లి ఒకటే కానీ తండ్రులు వేరు. గెలీలియో తండ్రి శాడ్లర్స్ వెల్స్, సీ ద స్టార్స్ తండ్రి కేప్ క్రాస్. అది వదిలేసి మొత్తం ట్రైనర్ ఖాతాలో వేస్తే ఎలా?

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, ఎండాకాలంలో వీలైనప్పుడల్లా న్యూమార్కెట్ రేసులకు వెళ్తాను. 2010 ఆగస్టు 13న అక్కడ రెండేళ్ల గుర్రాలకు ఒక మైలు రేసు జరిగింది. గెలిచింది ఫ్రాంకెల్. అర లెంగ్త్ తేడాతో రెండోది నథానియల్. మూడోది కలర్ విజన్. ఫ్రాంకెల్ ఆ తర్వాత ఒక్కసారి కూడా ఓడలేదు, 14కి 14. నథానియల్ మరుసటి ఏడాది కింగ్ జార్జ్ అనే పెద్ద రేసు గెలిచింది. కలర్ విజన్ 2012లో రెండున్నర మైళ్ల ఆస్కాట్ గోల్డ్ కప్ గెలిచింది. మొదటి రెండు గుర్రాల ట్రైనర్లు హెన్రీ సెసిల్, జాన్ గాస్డెన్. ఇద్దరు వేర్వేరు మనుషులు, రెండు వేర్వేరు లాయాలు. కానీ ఆ రెండింటికీ తండ్రి ఒక్కటే, మీరు చెప్పిన గెలీలియో! ఆ రోజు రేస్ కార్డులో తండ్రి పేరు ఒక్కటే చూసినవాడికి కూడా మొదటి రెండూ దొరికేవి.

ఇంకో మాట. గుర్రానికి ఏ దూరం సరిపోతుందో చెప్పేది వంశమే. మయోస్టాటిన్ అనే జన్యువులో తేడాను బట్టి గుర్రం తక్కువ దూరానిదా, ఎక్కువ దూరానిదా చెప్పొచ్చని డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో ఎమెలిన్ హిల్ బృందం 2010లో ప్రచురించింది. అది తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు వచ్చేది. ట్రైనర్ ఎంత గొప్పవాడైనా దాన్ని మార్చలేడు.

కాచిగూడ:

మీరిద్దరూ గెలిచినవాటి పేర్లే చెప్తున్నారు. ఓడినదాని పేరు నేను చెప్తాను. ద గ్రీన్ మంకీ. 2006లో ఫ్లోరిడాలోని కాల్డర్ వేలంలో కోటి అరవై లక్షల డాలర్లు పలికింది. వంశం చూస్తే స్టార్మ్ క్యాట్‌కు మనవడు. వేలానికి ముందు ఒక ఫర్లాంగును (సుమారు 200 మీటర్లు) 9.8 సెకన్లలో దాటింది. ట్రైనర్ టాడ్ ప్లెచర్, అమెరికాలో అప్పటికే అగ్రస్థాయి మనిషి. రెండేళ్ల వయసులో అది అసలు రేసుకే రాలేదు. మూడేళ్లప్పుడు దిగి మూడు రేసులు పరుగెత్తింది, ఒక్కటీ గెలవలేదు. మొత్తం సంపాదన 10,440 డాలర్లు.

గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. ఒప్పుకుంటాను. కానీ ఆ నైపుణ్యానికి ఆధారం గుర్రం పాత రికార్డు. రికార్డే లేని పిల్లల రేసులో నైపుణ్యం ఏముంది? నేను ఆ రేసు టైమ్‌లో చాయ్ తాగడానికి వెళ్తాను.

సైసు కొడుకు:

కాచిగూడ అన్నా, చాయ్‌కి వెళ్లే ఆ పావుగంటలోనే చూడాల్సింది ఉంటుంది. మా నాన్న మలక్‌పేట రేసు కోర్సులో సైసుగా (గుర్రాన్ని చూసుకునే మనిషి) చేశారు. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ తెల్లవారుజామున ఆయన వెంట వెళ్లేవాణ్ని.

ట్రైనర్ అలవాటు అంటే ఎన్ని గెలిచాడన్న లెక్క కాదు. మా నాన్న పనిచేసిన లాయంలో ట్రైనర్ గెలిపించాలనుకున్న పిల్లను ముందు మాక్ రేసులో (అసలు రేసులాగే పెట్టే ప్రాక్టీసు పరుగు) పెట్టేవారు. ఆ వారంలోనే రెండుసార్లు స్టార్టింగ్ గేటులో నిలబెట్టి బయటికి తీయించేవారు. ఊరికే అనుభవం కోసం పంపేదానికి ఒక్కసారితో సరి. జాకీ కూడా వేరేగా ఉండేవాడు. ఇది బయటివాళ్లకు కూడా కొంత కనిపిస్తుంది, మాక్ రేసు ఫలితాలు వస్తాయి కదా. అందులో ఎవరు ముందొచ్చారన్నది కాదు, జాకీ చేతులు కదిలించాడా లేదా అన్నది కావాలి.

ఒక ఫిల్లీ (ఆడ పిల్ల గుర్రం) ఇంకా గుర్తుంది. దాని వంశం గొప్పది, లాయం మొత్తం దాని మీదే ఆశ పెట్టుకుంది. రేసుకు రెండు రోజుల ముందు నుంచి సాయంత్రం దాణా తొట్టిలో సగం వదిలేస్తోంది. రేసు రోజు పాడాక్‌లో (రేసుకు ముందు గుర్రాలను నడిపించే చోటు) చూస్తే వెనక తొడల మధ్య తెల్లటి నురగ, మెడ మీద పగ్గం ఆనిన చోట చెమటతో జీను పట్టీ అంత వెడల్పు నల్లటి చార. చెవులు ఒకచోట నిలవట్లేదు. నాన్న అరచేయి దాని మెడ మీద పెట్టి మాట్లాడుతూ నడిపించారు. చెయ్యి ఉన్నంతసేపు ఒక చెవి ఆయన వైపు తిరిగేది, తీస్తే మళ్లీ మొదలు. జాకీని ఎక్కించి వచ్చి "ఇది రేసు ఇక్కడే పరుగెత్తేసింది" అన్నారు. అన్నట్టే చివర్నుంచి రెండోది వచ్చింది. మూడో పరుగులో 1400 మీటర్లు సునాయాసంగా గెలిచింది. వంశం అబద్ధం చెప్పలేదు, ఆ రోజు సంగతి చెప్పలేదంతే.

లెక్కల మాస్టారు:

ట్రైనర్ శాతాలు నమ్మేవాళ్ల కోసం చిన్న లెక్క. ఒక ట్రైనర్ ఏడాదిలో ఎనిమిది కొత్త పిల్లలను దింపాడు, మూడు గెలిచాయి అనుకోండి. "వీడి పిల్లలు మొదటి రోజే గెలుస్తాయి" అంటాం. కానీ నిజానికి ప్రతిదానికీ పదింటిలో ఒక వంతే అవకాశం ఉందనుకున్నా, ఎనిమిదింట్లో మూడు లేదా అంతకంటే ఎక్కువ గెలవడానికి సుమారు నాలుగు శాతం అవకాశం ఉంటుంది. నలభై మంది ట్రైనర్లుంటే అందులో ఒకరిద్దరు వట్టి అదృష్టంతోనే అలా కనిపిస్తారు. మనం సరిగ్గా ఆ ఒకరిద్దరి పేర్లే గుర్తుపెట్టుకుంటాం.

ఏళ్ల తరబడి నిలిచిన అలవాటైతే నేనూ నమ్ముతాను. అమెరికా ట్రైనర్ వెస్లీ వార్డ్ 2009లో ఇంగ్లండ్‌లో జరిగే రాయల్ ఆస్కాట్ రేసులకు పిల్ల గుర్రాలను తెచ్చి స్ట్రైక్ ద టైగర్, జెలస్ అగైన్‌లతో గెలిచాడు. 2013లో నో నే నెవర్, 2016లో లేడీ ఆరేలియా. గేటు తెరవగానే దూసుకుపోయేలా తయారు చేయడం ఆయన పద్ధతి. అది ఒక్క సీజన్ అదృష్టం కాదు.

పశువైద్యం:

గ్యాలరీ గారూ, మీ మొదటి ఉదాహరణలో మీరూ ఏడు ఫర్లాంగులు గారూ ఇద్దరూ వదిలేసిన విషయం వయసు. గెలీలియో పుట్టింది 1998 మార్చి 30న, సీ ద స్టార్స్ 2006 ఏప్రిల్ 6న. దాదాపు ఒకే వారం. కానీ ఒకటి దిగింది అక్టోబరులో, ఇంకోటి జూలైలో. అంటే మొదటి పరుగు రోజున ఒకదాని వయసు 31 నెలలు, ఇంకోదానిది 27. మోకాలి పైన ముంజేతి ఎముక చివర పెరుగుదల పొర పూర్తిగా మూసుకునేది సరిగ్గా ఈ వయసు ప్రాంతంలోనే. నాలుగు నెలలు చిన్న తేడా కాదు. మన దగ్గరా యూరప్‌లోనూ రికార్డుల్లో రేసు గుర్రాలన్నిటికీ జనవరి 1నే వయసు మారుతుంది కాబట్టి జనవరి పిల్లా మే పిల్లా ఒకే రేసులో రెండేళ్లవిగా నిలబడతాయి. దయచేసి పుట్టిన తేదీ చూడండి. ఎదగని పిల్లను పరుగెత్తించకుండా ఆపే ట్రైనర్ మీద నాకున్న గౌరవం, మొదటి రోజే గెలిపించేవాళ్ల మీద కూడా లేదు.

మలక్‌పేట గ్యాలరీ:

డాక్టర్ గారూ, జూలై, అక్టోబరు తేడా నేను ఆలోచించలేదు. నా ఉదాహరణ నేననుకున్నంత గట్టిది కాదని ఒప్పుకుంటున్నాను. కానీ ఒకదాన్ని జూలైలో, ఇంకోదాన్ని అక్టోబరులో దింపాలని నిర్ణయించింది ఎవరు? ట్రైనరే కదా. కాబట్టి నా మాట మీద నేను ఇంకా ఉన్నాను. మారింది ఒక్కటే, ఇక నుంచి గెలుపు శాతాలు చూడను. ఈ సీజన్ ఒక నోట్‌బుక్ పెడుతున్నాను. ప్రతి ట్రైనర్ కొత్త పిల్లకు మొదటి మూడు పరుగుల్లో ఏ దూరం ఎంచుకున్నాడు, ఏ జాకీని పెట్టాడు, మాక్ రేసు చేయించాడా, మొదటి పరుగుకూ రెండోదానికీ ఎంత మెరుగైంది, పుట్టిన తేదీ. ఇవే రాస్తాను.

ఏడు ఫర్లాంగులు గారూ, వంశం కాలమ్ మీరు నింపండి. పక్కన పెద్దాయనకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. అర్బన్ సీ పేరు దగ్గర ఆపి, దాని పిల్లలు ఇంకా ఎవరెవరో అడిగి రాసుకున్నారు. సైసు కొడుకు చెప్పిన ఫిల్లీ దాణా సంగతి మాత్రం రెండుసార్లు చదివించుకున్నారు.