నల్లగొండలో రిటైరయ్యాక ఏం సేవ చేయొచ్చు?

ప్రశ్న: లెక్కల టీచర్‌గా మొన్ననే రిటైరయ్యాను. పొద్దంతా ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు. నలుగురికి పనికొచ్చేది ఏదైనా చెప్పండి, ఫొటోలు దిగి వెళ్లిపోయే సేవ మాత్రం వద్దు.

దేవరకొండ నుంచి: సార్, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్ల (జనానికి న్యాయ సాయం అందేలా దారి చూపేవాళ్లు) గురించి అడగండి. రిటైరైన టీచర్లను తీసుకుంటారు, లా చదవక్కర్లేదు, ట్రైనింగ్ వాళ్లే ఇస్తారు. కాగితాలు పట్టుకొని ఎవరిని అడగాలో తెలియక తిరిగేవాళ్లకు మీలాంటి ఓపికున్న మనిషి చాలా అవసరం.

మిర్యాలగూడ నుంచి: నవంబర్ వస్తే పెన్షన్ పెద్దోళ్లకు లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామని ఇచ్చే రుజువు) టెన్షన్, అందులో సాయం చేయండి. జీవన్ ప్రమాణ్, అంటే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్, ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి కూడా చేయొచ్చు. మా వీధిలో ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే పెద్దమ్మకు పొలం పనులతో వేళ్లు అరిగి వేలిముద్ర పడలేదు, కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి రెప్ప వేయమంటే అయిపోయింది. ఎవరి ఓటీపీ, ఆధార్ నంబర్ మీ దగ్గర రాసిపెట్టుకోకండి, ఇది ముఖ్యం.

నకిరేకల్ నుంచి: లెక్కలు వదలొద్దు సార్! దగ్గర్లోని సర్కారు హాస్టల్ వార్డెన్‌ను కలవండి, పదో తరగతి పిల్లలకు సాయంత్రం గంట చెప్పినా చాలు. వారానికి రెండు రోజులే అయినా సరే, ఒప్పుకున్న రోజు మాత్రం తప్పకుండా వెళ్లండి, పిల్లలు ఎదురుచూస్తారు.